పెండ్లికొడుకు చేతిలో మైకు

ముహూర్తాలు మొదలయ్యాయంటే నంద్యాలలో మా ఇంటికి రాకపోకలు ఎక్కువవుతాయి. నేను హైస్కూల్లో తెలుగు మాస్టర్ని. నా పాఠాలప్పుడు వెనక బెంచీలో హాయిగా నిద్రపోయినవాళ్లే, పెండ్లి కుదరగానే శుభలేఖ, స్వీటు డబ్బా పట్టుకొని వస్తారు. కార్డు నా చేతిలో పెట్టినాక కూడా లేవరు. కుర్చీలో అటూ ఇటూ కదిలి, నీళ్లు తాగి, చివరికి అసలు సంగతి బయటపెడతారు. "సార్, రిసెప్షన్లో నన్ను మాట్లాడమంటాండారు. రెండు మాటలు రాసీండి సార్."

మా కాలంలో పెండ్లికొడుకు నోరు తెరిచే పని, అయ్యవారు చెప్పిన మంత్రాన్ని సగం మింగి సగం పలకడంతో అయిపోయేది. తక్కినదంతా పెద్దవాళ్లు మాట్లాడుకునేవాళ్లు. ఇప్పుడు తళతళలాడే గౌను వేసుకున్న యాంకరమ్మ వేదిక మీదికి వచ్చి, "మన హీరోగారు ఇప్పుడు తన మనసులో మాట చెబుతారు" అని మైకు చేతిలో పెడుతుంది. వరికోత మిషన్‌ను ఒంటిచేత్తో నడిపేవాడికి కూడా అక్కడ చెమటలు పడతాయి. వాళ్లను చూస్తే నాకు జాలి, కొంచెం కోపం కూడా. తొమ్మిదో తరగతిలో వ్యాసం రాయమంటే కడుపునొప్పి అన్నవాడివి, ఇప్పుడెందుకురా నాయనా నీకీ తిప్పలు అనుకుంటాను. అయినా రాసిస్తాను.

రాసిచ్చేటప్పుడు కొన్ని జాగ్రత్తలు చెప్తాను. మైకు నోటికి నాలుగు వేళ్ల దూరంలో పట్టుకో. "హలో, హలో" అని దాన్ని కొట్టొద్దు, ఆ పని మైకుసెట్టు భాయ్ పొద్దున్నే చేసి ఉంటాడు. పెండ్లాం మీద జోకులెయ్యొద్దు; ఆ పిల్ల ఫోటో కోసం నవ్వుతుంది, ఇంటికి పోయినాక గుర్తుపెట్టుకుంటుంది. ఆ పిల్లను మొదట యాడ చూసినావో, ఎన్ని రోజులు ఫోన్లో మాట్లాడినావో చెప్పొద్దు, మీ మామ ముందు వరసలోనే కూర్చోనుంటాడు. కవిత్వం అసలే వద్దు. జనం అప్పటికే బిర్యానీ వాసన పీల్చుకుంటూ ఉంటారు, రెండు నిమిషాలు దాటితే నిన్నెవరూ వినరు.

శిరివెళ్ల వైపు పిల్లోడు ఒకడు నా మాట వినలేదు. ఫోన్లో ఏదో ఇంగ్లీషోళ్ల పెండ్లి వీడియో చూసి, చేతిలోని బాదంపాల గ్లాసును చెంచాతో టింగు టింగుమని కొట్టి, తలకంటే ఎత్తున పట్టుకొని నిలబడ్డాడట. తర్వాత ఏం చేయాలో వాడికీ తెలియదు, చూసేవాళ్లకూ తెలియదు. వాడి మేనమామ వేదికెక్కి, "నాకేనా అల్లుడా?" అని గ్లాసు అందుకొని గటగటా తాగేశాడట. ఇప్పటికీ ఆ ఊళ్లో ఎవరు బాదంపాలు తాగినా ఆ కథ చెప్పుకుంటారు.

ఇవన్నీ చిన్న విషయాలు. తప్పు జరిగినా నాలుగు రోజులు నవ్వుకొని వదిలేస్తారు. అసలు జాగ్రత్త ఒకటుంది. దాన్ని నేను ఎవరికీ చెప్పేవాణ్ని కాదు. చెప్పాలంటే నా పెండ్లి సంగతి చెప్పాలి, నా తప్పు చెప్పుకోవాలి. పంతుళ్లకు అది అంత తేలిక కాదు.

మా నాయన పోయేటప్పటికి నాకు తొమ్మిదేళ్లు, మా అన్నకు పంతొమ్మిది. ఆళ్లగడ్డకు దగ్గర్లోనే మా ఊరు. అన్న చదువు మానేసి సేద్యంలోకి దిగాడు. నన్ను చదివించాడు. ఏ రోజూ "నీ కోసం ఇంత చేస్తాండా" అని ఆయన నోట రాలేదు. పదో తరగతి పరీక్షలకు నన్ను ట్రాక్టర్ మీద ఆళ్లగడ్డకు తీసుకుపోయేవాడు. మూడు గంటలు బడి గోడ పక్కన ఎండలో కూర్చొని, నేను బయటికి రాగానే పరీక్ష ఎట్లా రాశానో అడిగేవాడు కాదు. "ఆకలైతాందా?" అనేవాడు. అంతే.

ఇరవై రెండేళ్ల కింద నా పెండ్లి ఆళ్లగడ్డ కల్యాణ మండపంలో జరిగింది. మా ఇండ్లల్లో పెండ్లి మగపిల్లవాడి వైపే చేస్తారు, కాబట్టి బరువంతా మా అన్న మీదే. నాకు అప్పుడే టీచరు ఉద్యోగం వచ్చింది. కొత్త ఉద్యోగం, కొత్తగా పట్టుబడ్డ పుస్తకాల భాష. తోటి మాస్టర్లు చప్పట్లు కొట్టి మాట్లాడమన్నారు. నేను మొహమాటపడినట్టు నటించి, జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాను. రెండు రాత్రులు కష్టపడి రాసుకున్న కాగితం అది. హెడ్మాస్టరుగారికి, మిత్రబృందానికి, మండపం యాజమాన్యానికి, రుచికరమైన వంటలు చేసిన వంటవారికి, నా ఉన్నతికి సోపానమై నిలిచిన అన్నగారికి, వదినగారికి హృదయపూర్వక ధన్యవాదాలు అని చదివాను. జనం చప్పట్లు కొట్టారు. నేను పొంగిపోయాను.

మైకుసెట్టు భాయ్ మంచి పనివాడు. భోజనాల హాల్లో కూడా ఒక స్పీకరు కట్టాడు. మా అన్న అక్కడ పప్పు బకెట్టు పట్టుకొని వడ్డిస్తూ ఉన్నాడు.

మర్నాడు ఊళ్లో, పెరట్లో గిన్నెలు తోముతూ మా వదిన అంది. "నీ అన్న నిన్న అన్నం ముట్టలా అబ్బీ."

"ఏం వదినా, ఒళ్లు బాగలేదా?"

"నువ్వు మైకులో ఆయప్పకు థాంక్స్ చెప్పినావంట గదా."

"చెప్పినా. బాగా చెప్పినా గదా?"

ఆమె చేతిలో గిన్నె పక్కన పెట్టి నా వైపు చూసింది. "థాంక్స్ ఎవరికి చెప్తారబ్బీ? బస్సులో సీటిచ్చినోళ్లకు చెప్తారు. వంటోళ్లకు చెప్తారు. నువ్వు వంటోళ్ల తర్వాత మా పేరు పెట్టినావంట." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు, పిల్లవాడికి చెప్పినట్టే చెప్పింది. "అందరూ తిన్యాక కడా బంతిలో ఆకేసి పిలిచినా. ఆకలి ల్యాదని ఎల్లిపాయ."

ఇదేం చాదస్తం అనుకున్నాను. మంచి మాట చెప్తే కోపమెందుకు? చదువు లేకపోతే ఇట్లే ఉంటుందిలే అని కూడా అనుకున్నాను, ఇప్పుడు ఆ మాట రాయడానికి సిగ్గేస్తోంది. అన్న దగ్గరికి పోతే ఆయన అద్దె సామాను లెక్క చూసి ఆటోలో ఎక్కిస్తున్నాడు. "పెండ్లి బాగా జరిగిందిలే" అని మళ్లీ గిన్నెలు లెక్కపెట్టసాగాడు.

కోపమైతే బాగుండేది. తిడితే, రెండు దెబ్బలు వేసినా పడేవాణ్ని. మా అన్న నాకు మర్యాద చేయడం మొదలుపెట్టాడు.

నేను నంద్యాలలో గది తీసుకొని చదువుకునేటప్పుడు ఆయన మార్కెట్ యార్డు పని చూసుకొని ఏ వేళప్పుడైనా వచ్చేవాడు. వచ్చీ రాగానే నా లుంగీ కట్టుకునేవాడు, స్టవ్వు దగ్గరికి పోయి గిన్నెల మూతలెత్తి చూసేవాడు, "ఇది అన్నమా, అంబలా?" అని తిట్టి అదే తిని, చాప మీద అడ్డంగా పడి గురకపెట్టేవాడు. పెండ్లయినాక అదే మనిషి వచ్చేముందు ఫోన్ చేసేవాడు. బెల్లు కొట్టి గుమ్మంలో ఆగేవాడు. చేతిలో బత్తాయిల సంచి. కుర్చీ అంచున కూర్చొని, నా భార్య బలవంతం చేస్తే నాలుగు ముద్దలు తిని, ఉప్పెక్కువైన పప్పును కూడా "బాగుందమ్మా" అని మెచ్చుకునేవాడు. "మీ అన్న ఎంత మర్యాదస్తుడండీ" అని నా భార్య మురిసిపోయేది. నాకు కడుపు మండిపోయేది.

నేను ఊరికి పోతే ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, భుజం మీది తువ్వాలుతో తుడిచి వేసేవాడు. ఆయన మాత్రం అరుగు మీదే. వాళ్లబ్బాయికి నంద్యాల డిగ్రీ కాలేజీలో సీటొస్తే, చిన్నాయన ఇల్లు పక్క వీధిలోనే ఉండగా వాణ్ని హాస్టల్లో చేర్చాడు. ఎందుకన్నా అని అడిగితే, "మీకెందుకులే ఇబ్బంది" అన్నాడు. ఆ పూట నేను బడికి సెలవు పెట్టి ఇంట్లో ఊరికే పడుకున్నాను.

ఒకసారి శనగ చేలో ఇద్దరమే ఉన్నప్పుడు ధైర్యం చేశాను. "అన్నా, నా పెండ్లిలో నేను మైకులో..." అన్నానో లేదో, "మోటరు ఆపొస్తా ఉండు" అని లేచిపోయాడు. తిరిగొచ్చేటప్పుడు నా బట్టలు మాసిపోతాయని ఒక గోనెసంచి తెచ్చి పరిచాడు. నేను దాని మీద కూర్చున్నాను. ఇంక ఆ మాట ఎత్తలేదు. థాంక్సుతో చెడిన దాన్ని సారీతో బాగుచేయబోవడం కూడా తెలివితక్కువ పనే అనిపించింది.

మొన్న వైశాఖంలో మా అన్న కొడుకు పెండ్లి కుదిరింది. అమ్మాయిది వెలుగోడు. పెండ్లి నంద్యాలలో, మా ఇంటికి కిలోమీటరు దూరంలోని ఫంక్షన్ హాల్లో. ఒక ఆదివారం మా అన్న, వదిన వచ్చారు. వదిన నా భార్యకు బొట్టు పెట్టింది. అన్న రెండు చేతులతో శుభలేఖ నాకిచ్చి, "అందరూ తప్పకుండా రావాల" అన్నాడు. సొంత తమ్ముడికి. నేను కార్డు అందుకొని "అట్లే అన్నా" అన్నాను. వాళ్లు పోయినాక ఆ కార్డును యాడ పెట్టాలో తెలియక చాలాసేపు చేతిలోనే పట్టుకొని ఉన్నాను. పిలిచేవాళ్లలో ఒకడిగా నా పేరు లోపల అచ్చయి ఉంది, నన్నే పిలుస్తూ పైన కవరు మీద కూడా రాసి ఉంది.

అప్పటికి నాకు ఒక్కటే కోరిక. ఈ పెండ్లి దాటేలోగా మా అన్న నన్ను మళ్లీ ఇంటి మనిషిగా చూడాలి. ఆయనకు అరవై దగ్గరపడుతున్నాయి. ఇంకెన్ని పెండ్లిళ్లున్నాయి మాకు, ఇంకెప్పుడు కలుస్తాం అనే భయం పట్టుకుంది.

పెండ్లికి వారం ముందు అబ్బాయి ఒక్కడే వచ్చాడు. కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. నాకు అర్థమైపోయింది.

"చిన్నాయనా, స్పీచు రాసుకున్యా. కొంచెం చూడు."

ఫోన్లో రెండు పేజీలు. సగం ఫోనే రాసిచ్చినట్టుంది. వచ్చిన బంధువులకు, మిత్రులకు, ఫోటోగ్రాఫర్‌కు, డెకరేషన్ వాళ్లకు, నన్ను కని పెంచిన తల్లిదండ్రులకు కృతజ్ఞతలు. నాలుగు మడతల నా కాగితమే, వేలితో తోస్తే జరిగే అద్దం మీదికి ఎక్కింది.

"ఇది వద్దు" అన్నాను.

"యాలా? బాగలేదా?"

అప్పుడు చెప్పాను. పప్పు బకెట్టు దగ్గర్నుంచి బత్తాయిల దాకా, హాస్టలు దాకా. నోరు తెరిచి ఎవరికైనా మొత్తం చెప్పడం అదే మొదలు. వాడు నేల చూస్తూ విన్నాడు.

"మా నాయన ఎప్పుడూ ఒక్కమాటన్నా అనలా చిన్నాయనా."

"అనడు. నువ్వు ఫోటోగ్రాఫర్‌కు చెప్పు, డెకరేషనోళ్లకు చెప్పు. మీ అమ్మకు, మీ నాయనకు మాత్రం చెప్పొద్దు."

"మరి వాళ్ల గురించి గమ్మునుండాల్నా?"

"అహోబిలం సామి చూడు, తన పెండ్లికి తానే ఊరూరూ తిరిగి పిలుచుకుంటాడు. రమ్మని అడుగుతాడు. వచ్చినందుకు థాంక్స్ చెప్పడు. అడగడంలోనే ఉందిరా మనోళ్లకు. మీ నాయనను ఏమన్నా అడుగు. అందరి ముందూ అడుగు. సొంతోణ్నే గదా అడుగుతాం."

వాడు నవ్వి, ఫోన్లో ఆ వాక్యం తీసేశాడు.

పెండ్లి రోజు ముహూర్తం పొద్దున తొమ్మిదికి అయిపోయింది. రిసెప్షన్ కూడా ఆ పూటే పెట్టుకున్నారు. పన్నెండు కాకముందే హాలు నిండింది. నేను పట్టుపంచె కట్టుకొని ముందు వరసలో, సోఫాలో. ఆ సోఫాలో మా అన్నే కూర్చోబెట్టాడు, కూల్‌డ్రింక్ కూడా పంపించాడు. ఆయన మాత్రం భోజనాల హాలు గుమ్మం దగ్గర చొక్కా చేతులు మడిచి బకెట్టు పట్టుకొని ఉన్నాడు. కొడుకు పెండ్లిలో కూడా క్యాటరింగ్ వాళ్లను నమ్మలేదు.

యాంకరమ్మ మైకు ఇచ్చింది. అబ్బాయి నాలుగు వేళ్ల దూరంలోనే పట్టుకున్నాడు. వచ్చినవాళ్లను పలకరించాడు, వెలుగోడు వాళ్లను నవ్వించాడు. తర్వాత హాలు చివరికి చూశాడు.

"నాయనా, నిన్నొకటి అడగాల. నేను పుట్టినప్పట్నుంచి చూస్తాండా, ఏ పెండ్లిలోనూ నువ్వు కడా బంతికి ముందు తిన్యేది ల్యా. ఈ పొద్దు ఆ బకెట్టు ఎవరికన్నా ఇచ్చి, అమ్మను పిలుచుకొని వచ్చి, మొదటి బంతిలో నా పక్కన కూర్చొని తిను."

చప్పట్లు ఆగలేదు. మా వదిన కొంగు నోటికడ్డం పెట్టుకుంది. అన్న గుమ్మంలో నిలబడి, ఆ పక్కకు తిరిగి, బకెట్టును ఎవరికో ఇవ్వబోయి మళ్లీ తనే పట్టుకున్నాడు. రాసిన వందల స్పీచుల్లో నాకు ఇంత తృప్తినిచ్చింది లేదు. అక్కడితో వాడు మైకు ఇచ్చేసి ఉంటే సరిపోయేది.

ఇవ్వలేదు. చప్పట్లు వాడికి బాగా నచ్చినట్టున్నాయి. నా వైపు తిరిగి, నవ్వుతూ, "ఇంకొక్క మాట. పనులన్నీ వదులుకొని మా పెండ్లికి వచ్చి, మాకెంతో సాయం చేసిన మా చిన్నాయనకు, చిన్నమ్మకు మా కుటుంబం తరఫున ధన్యవాదాలు" అన్నాడు.

మా కుటుంబం తరఫున.

పక్కవాళ్లు నా వైపు చూసి చప్పట్లు కొడుతున్నారు. నేను నవ్వాను, దండం కూడా పెట్టాను. పప్పు బకెట్టుతో నిలబడి ఆ రోజు మా అన్న విన్నది ఇదే. ఇంత బాధగా ఉంటుందని నాకు తెలియదు, ఇన్నేళ్లూ తెలుసనుకున్నాను గానీ తెలియదు. వాణ్ని ఏమనగలను? అమ్మకు, నాయనకు చెప్పొద్దన్నాను, చెప్పలేదు. మేము ఆ లెక్కలోకి రామని వాడనుకున్నాడు. వాడు ఊహ తెలిసినప్పట్నుంచి చూసింది అదే. వాళ్ల నాయన మా ఇంటికి పండ్లు పట్టుకొని వస్తాడు, మాకు కుర్చీ తుడిచి వేస్తాడు. సుట్టాలంటే అట్లాగే గదా ఉంటారు.

"ఒరేయ్!"

హాలు చివర్నుంచి వచ్చింది ఆ కేక. చేలకు చేలు దాటి వినపడే గొంతు అది, మైకు అక్కర్లేదు. చప్పట్లు టక్కున ఆగాయి.

"చిన్నాయనకు థాంక్స్ చెప్తావేందిరా? బుద్ధుందా? వాడేమన్నా సుట్టమా? ఇంటోడు వాడు!"

జనం గొల్లుమన్నారు. అబ్బాయి మైకు పట్టుకొని నాలుక కరుచుకున్నాడు. "తప్పయిపాయ చిన్నాయనా" అన్నాడు, అది కూడా మైకులోనే. నాకు ఎవరి మొహమూ కనపడలేదు. లేచి, కుర్చీల మధ్య నుంచి, కాళ్లకు పంచె తగులుకుంటుంటే, హాలు చివరికి నడిచాను. ఏం చెప్పాలో ఇరవై రెండేళ్లుగా తయారుగా ఉంది. తెలుగు మాస్టర్ని, మాటలకేం తక్కువ.

"అన్నా, ఆ పొద్దు నేను..."

"తెలుసులేరా" అన్నాడు. నా మొహం ఒకసారి చూసి, చూపు పక్కకు తిప్పుకున్నాడు. "ఆడ సోఫాలో కూర్చోని ఏం చేస్తాండావ్ పొద్దున్నుంచి? ఇంట్లో పెండ్లి పెట్టుకోని! పెరుగు ఇంకా బయటికి రాలా, పోయి లోపల్నుంచి బేగా తీస్కరా."

నేను పట్టుపంచె మోకాళ్ల మీదికి ఎగగట్టాను. స్టోరు గదిలోకి పోయి, పెరుగు క్యాన్ల మధ్య నిలబడి, తలుపు దగ్గరికి వేసి ఏడ్చాను. బయట్నుంచి మా అన్న మళ్లీ అరిచాడు, ఇంకా తేలేదేందిరా అని. రెండు చేతులకూ రెండు బకెట్లు తగిలించుకొని పరుగెత్తాను.